ఒకే నైట్రోజన్, మూడు హిసాబ్‌లు

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకి కెమిస్ట్రీ చెబుతూ చాలా ఏళ్లు గడిపాను. రసాయన బంధం పాఠం మొదలైన కొద్ది రోజులకే కాస్త ఆలోచించే పిల్లలు ఒక సవాల్ పట్టుకొస్తారు. అమ్మోనియాలో నైట్రోజన్ మీద చార్జి ఎంత? లూయిస్ నిర్మాణాల దగ్గర పుస్తకం సున్నా అంటుంది. ఆక్సీకరణ సంఖ్యల దగ్గరికొచ్చేసరికి మైనస్ 3 అంటుంది. ధ్రువ బంధాల దగ్గర మాత్రం సంఖ్యే లేకుండా డెల్టా మైనస్ అని ఒక గుర్తు పెట్టి ఊరుకుంటుంది. యాద్ చేసుకునే పిల్లలకి దీనితో ఏ తక్లీఫూ లేదు. ఏ పాఠంలో అడిగితే ఆ పాఠం జవాబు రాసేస్తారు. సమఝ్ చేసుకుందామనుకునే పిల్లలకే కష్టమంతా.

ఈ సంవత్సరం ఆ సవాల్ మా ఖాందాన్‌లోంచే వచ్చింది. మా చెల్లెలి కూతురు పదో తరగతి దాకా మంచి మార్కులతో వచ్చిన పిల్ల. ఇంటర్‌లో చేరిన రెండు నెలలకే "ఈ కెమిస్ట్రీ నాకు నక్కో అమ్మీ, సీఈసీకి మారిపోతా" అని పట్టుబట్టింది. కారణం అడిగితే, "ఒక పేజీలో చెప్పింది ఇంకో పేజీలో కాదంటారు. ఎందుకని అడిగితే అలాగే రాయమంటారు" అందట. చెల్లెలు నాకు ఫోన్ చేసి, "భాయిజాన్, మీరే ఒకసారి మాట్లాడండి. గ్రూపు మారడానికి ఈ నెలాఖరు దాకే టైముంది" అంది. కామర్స్ చదవడం తక్కువేమీ కాదు. ఆ షౌక్ ఉండి వెళ్తే నేనే పంపిస్తాను. తెలివైన పిల్ల తన తెలివినే అనుమానించుకుని ఒక దారి వదిలేస్తోందంటే మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఆదివారం నానా ఇంటికి రమ్మన్నాను. ఆ రోజు మేం మాట్లాడుకున్నది ఇంకో నాలుగు ఇళ్లలో పిల్లలకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

"మామూ, ఏక్‌హీ నైట్రోజన్‌కు తీన్ జవాబాఁ కైసే? సచ్ కౌనసా, ఝూట్ కౌనసా?" అని వచ్చీ రాగానే అడిగింది.

"మూడూ సచ్చే బేటీ. నువ్వు అడిగే సవాల్ మాత్రం మూడు చోట్లా ఒకటి కాదు. ముందు లెక్క పెడదాం" అన్నాను.

నైట్రోజన్ పరమాణువులో 7 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు. ఆ ఏడింటిలో 2 లోపలి గదిలో ఉంటాయి, బయటి మామలాల్లో తలదూర్చవు. మిగిలిన 5 బయటి కక్ష్యలో ఉంటాయి. హైడ్రోజన్‌కి ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. అమ్మోనియా అంటే ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్లు. మొత్తం 10 ప్రోటాన్లు, 10 ఎలక్ట్రాన్లు. ప్లస్, మైనస్ బరాబర్. కాబట్టి అణువు మొత్తం మీద చార్జి సున్నా. ఇందులో ఎవరికీ ఝగడా లేదు.

ఇక బంధాలు. 1916లో అమెరికా రసాయన శాస్త్రవేత్త జి.ఎన్. లూయిస్ ఒక మాట చెప్పాడు. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జోడీని ఉమ్మడిగా ఉంచుకుంటే అదే బంధం అవుతుందని. నైట్రోజన్ తన అయిదింటిలో మూడు ఎలక్ట్రాన్లని మూడు హైడ్రోజన్లతో చెరొక జోడీగా కలిపింది. అవి మూడు సమయోజనీయ బంధాలు. నైట్రోజన్ దగ్గర ఇంకా రెండు ఎలక్ట్రాన్లు మిగిలాయి. ఆ జోడీకి ఎవరితోనూ బంధం లేదు. దాన్నే పుస్తకంలో ఒంటరి జంట అంటారు. మా పిల్ల నోట్‌బుక్‌లో నైట్రోజన్ నెత్తి మీద రెండు చుక్కలు పెట్టింది. "ఈ రెండు చుక్కల్ని భద్రంగా చూసుకో. అమ్మోనియా చేసే పని చాలావరకు ఇవే చేస్తాయి" అన్నాను.

ఉమ్మడిగా ఉన్న జోడీని ఎవరి ఖాతాలో రాయాలి అన్న దగ్గరే మూడు జవాబులు పుడతాయి. దీనికి మా వీధిలో మిసాల్ ఉంది. ఇద్దరు అన్నదమ్ముల ఇళ్ల మధ్య ఒకే బోరు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో చెరి సగం హక్కు. కరెంటు మీటరు మాత్రం పెద్దాయన పేరున ఒక్కటే ఉంది, కాబట్టి బిల్లు మొత్తం ఆయన పేరునే వస్తుంది. ఇక నీళ్లు నిజంగా ఎవరింటికి ఎంత పోతున్నాయంటే, పెద్దాయన ఇంట్లో మోటారు బలమైనది కాబట్టి ఆ ఇంటికి కాస్త ఎక్కువ, తమ్ముడి ఇంటికి కాస్త తక్కువ. బోరు ఒకటే. హిసాబ్‌లు మూడు. మూడింట్లో ఏదీ ఝూట్ కాదు.

మొదటి హిసాబ్ రిజిస్ట్రేషన్ కాగితం లాంటిది. ప్రతి బంధంలోని జోడీని చెరి సగం పంచేస్తాం. నైట్రోజన్‌కి మూడు బంధాల్లోంచి 3 ఎలక్ట్రాన్లు, తన ఒంటరి జంటవి 2, కలిపి 5. బంధం లేనప్పుడు దాని దగ్గర ఉన్నవీ 5. తేడా సున్నా. దీన్ని ఫార్మల్ చార్జి అంటారు.

రెండో హిసాబ్ కరెంటు బిల్లు లాంటిది. జోడీ మొత్తం బలమైనవాడి ఖాతాలో రాసేస్తాం. ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే తాకత్‌ని రుణవిద్యుదాత్మకత అంటారు. పౌలింగ్ స్కేలు మీద నైట్రోజన్‌ది 3.04, హైడ్రోజన్‌ది 2.20. బలమైనది నైట్రోజన్. మూడు జోడీలూ దాని పేరున రాస్తే 6, ఒంటరి జంటతో కలిపి 8. మొదట ఉన్నవి 5. మూడు ఎక్కువ, కాబట్టి మైనస్ 3. ఒక్కో హైడ్రోజన్‌కి ప్లస్ 1. ఇది ఆక్సీకరణ సంఖ్య.

మూడో హిసాబ్ నీళ్లది. ఎలక్ట్రాన్లు ఇటుకల్లా ఒకచోట పడి ఉండవు, మబ్బులా పరుచుకుని ఉంటాయి. ఆ మబ్బు నైట్రోజన్ వైపు కొంత దట్టంగా, హైడ్రోజన్ల వైపు కొంత పలచగా ఉంటుంది. కాబట్టి నైట్రోజన్ మీద కొంత మైనస్, హైడ్రోజన్ల మీద కొంత ప్లస్. డెల్టా అంటే ఆ "కొంత" అన్న మాటే.

"పంచుకోవడం అంటే సగం సగం కదా మామూ? మీరే అలా చెప్పారు" అంది పిల్ల.

పక్కన పాన్‌దాన్ ముందేసుకుని కూర్చున్న మా అమ్మీ నవ్వింది. "ఏ ఇంట్లోనైనా పంచుకున్నది సగం సగం ఉండటం చూశావా బేటీ? నాకు మీ నానాకి మధ్య దుప్పటి ఒకటే. పొద్దున లేచేసరికి ఎవరి మీద ఉంటుందో అడుగు" అంది. ధ్రువ బంధానికి ఇంతకన్నా మంచి మిసాల్ నేను క్లాసులో ఇన్నాళ్లూ చెప్పలేదు.

"మరి ఆ కొంత అంటే ఎంత? సంఖ్య ఎందుకు రాయరు?" అని అడిగింది. మంచి సవాల్. మబ్బులో ఎక్కడిదాకా నైట్రోజన్‌ది, ఎక్కడినుంచి హైడ్రోజన్‌ది అని ప్రకృతి గీత గీసి ఇవ్వలేదు. ఆ సరిహద్దు మనమే గీయాలి. శాస్త్రవేత్తలు దాన్ని రకరకాల పద్ధతుల్లో గీస్తారు. పద్ధతి మారితే నైట్రోజన్ మీది మైనస్ విలువ కూడా మారుతుంది. బోరు నీళ్లని ఒకరు ట్యాంకు దగ్గర కొలిస్తే ఇంకొకరు బిందెలు లెక్కపెట్టినట్టు. అయితే మైనస్ నైట్రోజన్ వైపే ఉందన్న మాట మీద అందరూ ఒకటే. అందుకే పాఠ్యపుస్తకం గుర్తు పెట్టి ఊరుకుంటుంది. సున్నా, మైనస్ 3 మనం పెట్టుకున్న నియమాల ప్రకారం వచ్చే సంఖ్యలు. అవి గట్టిగా ఉన్నట్టు కనిపించడానికి కారణం నియమం గట్టిది కావడమే.

"అయితే నీళ్ల హిసాబ్‌ని కొలవలేమా?"

పరమాణువు వారీగా సూటిగా కొలవలేం గానీ అణువు మొత్తం ఎంత ఒకవైపు మొగ్గిందో కొలవగలం. ప్లస్ ఒకవైపు, మైనస్ ఇంకోవైపు ఉన్న అణువుని విద్యుత్ క్షేత్రంలో పెడితే అది ఒకవైపు తిరగబోతుంది. ఆ మొగ్గుని ద్విధ్రువ భ్రామకం అంటారు, డిబైలలో చెబుతారు. అమ్మోనియాకి అది 1.47 డిబైలు. నీటికి 1.85.

ఇక్కడ అణువు ఆకారం ముఖ్యం. మూడు హైడ్రోజన్లూ నైట్రోజన్ చుట్టూ బల్లపరుపుగా సమాన దూరంలో ఉంటే, మూడు వైపుల లాగుడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో జరిగేది అదే. ఒక్కో బంధంలో లాగుడు గట్టిదే, మొత్తం అణువుకి మాత్రం ద్విధ్రువ భ్రామకం సున్నా. అమ్మోనియాలో అలా కుదరదు. ఒంటరి జంట ఒక పక్క జాగా ఆక్రమించి మూడు బంధాల్నీ కిందికి నెడుతుంది. అణువు మూడు కాళ్ల పొట్టి తిపాయిలా, పిరమిడ్ ఆకారంలో తయారవుతుంది. రెండు బంధాల మధ్య కోణం సుమారు 107 డిగ్రీలు. పైన ఒంటరి జంట, కింద మూడు హైడ్రోజన్లు. పైవైపు మైనస్, కిందివైపు ప్లస్.

ఈ మాట నిజమో కాదో చూడటానికి పుస్తకంలోనే ఒక మంచి ఇమ్తిహాన్ ఉంది. హైడ్రోజన్ల స్థానంలో ఫ్లోరిన్లని పెట్టిన అణువు నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. ఆకారం అదే పిరమిడ్. ఫ్లోరిన్ నైట్రోజన్ కన్నా బలమైనది కాబట్టి ఎలక్ట్రాన్లని కిందికి లాగుతుంది. ఒంటరి జంట మొగ్గు మాత్రం పైకే. రెండూ ఎదురెదురు. అందుకే దాని ద్విధ్రువ భ్రామకం 0.23 డిబైలే. అమ్మోనియాలో బంధాల మొగ్గు, ఒంటరి జంట మొగ్గు ఒకే దిక్కుకి ఉన్నాయి కాబట్టి 1.47. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసి చూపించగానే పిల్ల మొహం మారింది. "అంటే ఇది యాద్ చేసుకోవాల్సింది కాదు, ముందే చెప్పగలిగేది" అంది. నేను ఇంక ఆ విషయం మీద లెక్చరివ్వలేదు.

"మూడు హిసాబ్‌లూ ఎందుకు మరి? నీళ్ల హిసాబ్ ఒక్కటి చాలదా?" అని తర్వాత తనే అడిగింది.

మూడింటికీ వేర్వేరు కామ్ ఉంది. ఒక అణువుకి రెండు మూడు రకాల లూయిస్ బొమ్మలు గీయగలిగితే ఏది మేలైనదో ఎంచుకోవడానికి ఫార్మల్ చార్జి పనికొస్తుంది. అమ్మోనియాని గాలితో కలిపి దశలవారీగా నైట్రిక్ ఆమ్లం చేస్తారు. అక్కడ నైట్రోజన్ మైనస్ 3 నుంచి ప్లస్ 5కి వెళ్తుంది. ఎనిమిది ఎలక్ట్రాన్ల లేన్‌దేన్ అన్నమాట. సమీకరణం తూచాలంటే ఆక్సీకరణ సంఖ్య కావాలి. ఇక అమ్మోనియా నీళ్లలో ఎందుకంత ఇష్టంగా కరుగుతుంది, దాన్ని ద్రవంగా మార్చడం ఎందుకు సులభం అన్న వాటికి జవాబు మూడో హిసాబ్ దగ్గరే ఉంది. అమ్మోనియా మరిగేది మైనస్ 33 డిగ్రీల దగ్గర. దాని కింది వరుసలో ఉన్న ఫాస్ఫీన్ బరువైనది, అయినా మైనస్ 88 దగ్గరే మరిగిపోతుంది. ఒక అమ్మోనియా అణువు హైడ్రోజన్ మీది ప్లస్, పక్క అణువు ఒంటరి జంట వైపుకి మొగ్గుతుంది. ఆ పట్టుని హైడ్రోజన్ బంధం అంటారు. ఫాస్ఫీన్‌లో ఆ పట్టు లేనట్టే.

ఇంతవరకూ మా అబ్బా తఖ్త్ మీద పడుకుని కళ్లు మూసుకునే ఉన్నారు. అమ్మోనియా ఘాటు గురించి మాట రాగానే లేచి కూర్చున్నారు. "మీరు చెప్పేది నౌసాదర్ వాసన గురించేనా?" అని అడిగారు.

అబ్బా కళాయివాలా. ముప్పై ఏళ్లకి పైగా రాగి దేగ్‌లకీ, పతీలాలకీ, ఇత్తడి గిన్నెలకీ కళాయి పూశారు. షాదీల సీజన్ ముందు వంటవాళ్లు దేగ్‌లు తెచ్చి మా ఇంటి ముందు వరసగా బోర్లించేవాళ్లు. రాగిలో చింతపండు పులుసో, పెరుగో పడితే రాగి కరిగి ఆహారంలోకి దిగుతుంది, అది జహర్. అందుకే లోపల తగరం పూత. గిన్నెని భట్టీ మీద కాల్చి, నౌసాదర్ పొడి చల్లి దూదితో రుద్దితే నల్లటి మకిలి పోయి రాగి ఎర్రగా మెరుస్తుంది. అప్పుడు తగరం కడ్డీని ఆనించి, కరిగినదాన్ని దూదితో చుట్టూ పూస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నౌసాదర్ చల్లిన క్షణంలో లేచే తెల్లటి పొగ ఇంటినిండా నిండేది. అమ్మీ మమ్మల్ని పెరట్లోకి తరిమేది.

నౌసాదర్ అంటే అమ్మోనియం క్లోరైడ్. ఎనిమిదో శతాబ్దపు జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరున ప్రసిద్ధమైన అరబీ రసాయన గ్రంథాల్లో దీని ప్రస్తావన ఉంది. యూరప్‌లో దీన్ని సాల్ అమోనియాక్ అన్నారు. ఈజిప్టులోని అమ్మోన్ గుడి పేరు మీదుగా వచ్చిన మాట అది. 1774లో జోసెఫ్ ప్రీస్ట్లీ నౌసాదర్ నుంచే వాయువుని విడదీసి పట్టుకున్నాడు. 1785లో బెర్తోలే అందులో నైట్రోజన్, హైడ్రోజన్ ఉన్నాయని తేల్చాడు. ఉప్పు పేరులోంచే వాయువుకి అమ్మోనియా అని పేరొచ్చింది. మా ఇంటి అటక మీద సీసాలో ఉండిన తెల్ల పొడికీ, మా పిల్ల పుస్తకంలోని ఎన్‌హెచ్3కీ ఉన్న రిష్తా అది.

అబ్బా పిల్లని దగ్గరికి పిలిచి, "ఆ పొగలో రెండు ఘాట్లుంటాయి బేటీ. ఒకటి ముక్కుని కొట్టి కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. ఇంకోటి గొంతులో గీరుతుంది. పొడిగా ఉన్నప్పుడు నౌసాదర్‌కి వాసన లేదు. కాల్చితేనే రెండూ బయటికొస్తాయి. చల్లారితే మళ్లీ అదే నౌసాదర్ అయి గోడకి తెల్లగా అంటుకుంటుంది. మా ఉస్తాద్ ఆ గోడ గీకి మళ్లీ వాడేవాడు" అన్నారు.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. ఈ మాట అబ్బా నోట ఇంత వివరంగా ఆ రోజే విన్నాను. ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. పిల్ల నోట్‌బుక్ అందుకుని ఆయన ముందే బొమ్మ గీశాను.

నైట్రోజన్ నెత్తి మీది రెండు చుక్కలు ఇప్పుడు పనిలోకి వస్తాయి. హైడ్రోజన్ తన ఒక్క ఎలక్ట్రాన్‌నీ పోగొట్టుకుంటే మిగిలేది ఉత్త ప్రోటాన్. చార్జి ప్లస్ 1, చేతిలో ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. అది అమ్మోనియా దగ్గరికొస్తే, ఒంటరి జంటలోని రెండు ఎలక్ట్రాన్లనీ నైట్రోజనే ఇచ్చి బంధం కట్టుకుంటుంది. దీన్ని సమన్వయ సమయోజనీయ బంధం అంటారు. తయారైనది అమ్మోనియం అయాన్, ఎన్‌హెచ్4 ప్లస్. 11 ప్రోటాన్లు, 10 ఎలక్ట్రాన్లు, కాబట్టి మొత్తం మీద ప్లస్ 1. ఒంటరి జంట కూడా బంధమైపోయింది కాబట్టి నాలుగు బంధాలూ నాలుగు దిక్కులకి సమానంగా సర్దుకుంటాయి. కోణం 109.5 డిగ్రీలు. కట్టుకున్న తర్వాత ఏ హైడ్రోజన్ చివర వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నాలుగు బంధాలూ ఒక్కలాంటివే.

"ఆ ప్లస్ ఎవరి మీద ఉంది?" అని అడిగాను. పిల్ల రిజిస్ట్రేషన్ కాగితం హిసాబ్ వేసింది. నాలుగు బంధాల్లోంచి 4 ఎలక్ట్రాన్లు, ఉండాల్సినవి 5, కాబట్టి నైట్రోజన్ మీద ప్లస్ 1. తర్వాత కొంచెం ఆగి, "నీళ్ల హిసాబ్‌లో అలా ఉండదేమో మామూ. నైట్రోజన్ ఇప్పుడు కూడా లాక్కుంటూనే ఉంటుంది కదా" అంది. షాబాష్ అన్నాను. నైట్రోజన్ వైపు మబ్బు ఇప్పటికీ దట్టంగానే ఉంటుంది. నిజమైన ప్లస్ ఎక్కువగా బయట నాలుగు హైడ్రోజన్ల మీద పరుచుకుని ఉంటుంది. అందుకే బొమ్మ మొత్తానికి బ్రాకెట్ పెట్టి ప్లస్ బయట రాయడం మంచి పద్ధతి.

ఇప్పుడు అబ్బా పొగ. నౌసాదర్ పొడిలో ప్లస్ ఉన్న అమ్మోనియం, మైనస్ ఉన్న క్లోరైడ్ పక్కపక్కన కూర్చుని ఉంటాయి. సుమారు 338 డిగ్రీల దగ్గర అమ్మోనియం ఆ ప్రోటాన్‌ని క్లోరైడ్‌కి అప్పగించేస్తుంది. ఇటు అమ్మోనియా, అటు హైడ్రోజన్ క్లోరైడ్. రెండూ చార్జి లేని అణువులు, రెండూ వాయువులే. ఒకదానినొకటి పట్టుకునే ప్లస్, మైనస్‌లు పోయాయి కాబట్టి ఎగిరిపోతాయి. ముక్కుని కొట్టేది అమ్మోనియా, గొంతు గీరేది హైడ్రోజన్ క్లోరైడ్. కాలిన రాగి మీది నల్లటి మకిలి కాపర్ ఆక్సైడ్. దాన్ని హైడ్రోజన్ క్లోరైడ్ కొరుక్కుతింటుంది. పైకెళ్లి చల్లబడిన చోట రెండు వాయువులూ కలిస్తే ప్రోటాన్ మళ్లీ ఒంటరి జంట మీదికి చేరుతుంది. మళ్లీ ప్లస్, మైనస్, మళ్లీ తెల్ల పొడి. కంటికి కనిపించే ఆ తెల్లటి పొగ, ఉస్తాద్ గోడ మీది పూత, రెండూ అదే.

పిల్ల ఆయన వైపు తిరిగి, "నానా, అంత ఘాటులో మీరెలా కూర్చున్నారు?" అంది.

"తడి రుమాల్ కట్టుకునేవాణ్ణి. పొడి రుమాల్ కడితే ఏ ఫాయిదా లేదు, తడిదే కట్టాలని ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు. హడావుడిలో చాలాసార్లు కట్టుకోలేదు" అన్నారు అబ్బా. ఆ మాటంటూనే దగ్గొచ్చింది. చలికాలంలో ఆయనకి ఆ దగ్గు తెల్లవార్లూ ఉంటుంది. డాక్టర్లు అన్నేళ్ల పొగ, భట్టీ బొగ్గు అంటారు.

తడి రుమాల్ రహస్యం కూడా ఆ మూడో హిసాబ్‌లోనే ఉంది. అమ్మోనియాలో మైనస్ వైపు, ప్లస్ వైపు ఉన్నట్టే నీటి అణువులోనూ ఉన్నాయి. నీటి హైడ్రోజన్ మీది ప్లస్ అమ్మోనియా ఒంటరి జంటని పట్టుకుంటుంది. అందుకే ఒక లీటరు నీరు వందల లీటర్ల అమ్మోనియా వాయువుని తనలో కలుపుకోగలదు. హైడ్రోజన్ క్లోరైడ్ కూడా నీళ్లలో అలాగే కరిగిపోతుంది. గుడ్డ పోగుల మధ్య ఉన్న నీళ్లు వాయువుని ఆపుతాయి, గుడ్డ ఒక్కటే ఆపలేదు. నీళ్లలో చేరిన అమ్మోనియాలో కొద్ది భాగం నీటి నుంచి ప్రోటాన్ తీసుకుని అమ్మోనియం అవుతుంది. పలచటి 0.1 మోలార్ ద్రావణంలో అది సుమారు 1.3 శాతం. ఆ కొద్ది భాగం వల్లే ఎర్ర లిట్మస్ కాగితం నీలమవుతుంది. ల్యాబ్‌లో లిట్మస్‌ని తడిపి పెట్టమనేది అందుకే. కంటినీ, గొంతునీ, ఊపిరితిత్తులనీ అమ్మోనియా ముందుగా పట్టుకోవడానికి కారణం కూడా అదే. శరీరంలో అవి తడిగా ఉండే జాగాలు. ఐస్ ఫ్యాక్టరీల్లో చల్లబరచడానికి వాడే అమ్మోనియా లీకైతే, ముక్కుకి తడి గుడ్డ పెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా పక్కకి వెళ్లిపొమ్మని చెప్పేదీ ఇందుకే. తడి గుడ్డ బయటపడటానికి కాస్త మొహ్‌లత్ ఇస్తుంది అంతే. దాన్ని నమ్ముకుని లోపల ఉండిపోకూడదు.

ఇది పుస్తకంలో అర పేజీ. అబ్బాకి ముప్పై ఏళ్ల ఊపిరి. ఆయనకి ఇది ఎవరైనా ముందే ఇలా బొమ్మ గీసి చెప్పి ఉంటే, హడావుడి రోజుల్లో కూడా రుమాల్ కట్టుకునేవారేమో.

మా చెల్లెలు మళ్లీ గ్రూపు మాటెత్తలేదు. నెలాఖరు వెళ్లిపోయింది. పిల్ల ఎంపీసీలోనే ఉంది. రేపు ఏం చదువుతుందో నాకు తెలియదు, దాని మర్జీ. మీ ఇంట్లో కూడా ఇలాంటి సవాల్‌తో ఎవరైనా వస్తే మాత్రం "యాద్ చేసుకో, పరీక్షలో రాసెయ్" అనకండి. మీకు కెమిస్ట్రీ రాకపోయినా ఫరవాలేదు. "ఏ హిసాబ్ ప్రకారం అడుగుతున్నారో చూడు" అని ఒక్క మాట అనండి. సగం దారి పిల్లలే నడుస్తారు.

ఇప్పుడు సవాళ్లు అబ్బా వైపు నుంచి వస్తున్నాయి. మొన్న ఒక రోజు, "నౌసాదర్ తడిసి రాగి పళ్లెంలో ఉండిపోతే రెండు రోజులకి పచ్చగా నీలంగా తయారయ్యేది. అది కూడా ఆ రెండు చుక్కల పనేనా?" అని అడిగారు. గాలి, తడి, క్లోరైడ్ కలిసి రాగిని కొంత కరిగిస్తాయి. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగి అయాన్‌కి అమ్మోనియా తన ఒంటరి జంటని ఇస్తుంది. నీళ్లలో సరిపడా అమ్మోనియా ఉంటే ఒక్కో రాగి అయాన్ చుట్టూ నాలుగు చేరతాయి, అప్పుడు రంగు చిక్కటి నీలం. ప్రోటాన్‌కి ఇచ్చినట్టే రాగికీ ఇస్తుంది. పళ్లెంలో ఉన్నది తక్కువ కాబట్టి పచ్చ కలిసి కనిపించింది. "ఔను అబ్బా, అందులోనూ వాటి చెయ్యి ఉంది" అన్నాను.